మేడమక్క సీటు

మా అమ్మాయి పోయిన రోజు ఉదయం కాలేజీ బస్సు ఎప్పటిలాగే మా సందు మొదట్లో ఆగి హారన్ కొట్టింది. డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు. ఆ వేళ ఆ పని ఎవరికి గుర్తుంటుంది. తిరుపతి ఆసుపత్రి నుంచి తెల్లవారుతుండగా తీసుకొచ్చి ముందు గదిలో చాప మీద పడుకోబెట్టాం, చుట్టూ కూర్చున్నాం, హారన్ మోగింది, కాసేపాగి మళ్లీ మోగింది, ఆ తర్వాత కొంచెం పొడుగ్గా, విసుగ్గా మోగింది, అప్పుడు నేను లేచి నిలబడి "వస్తోంది, ఒక్క నిమిషం" అనబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. తను అద్దం ముందు జడ వేసుకుంటూ ఉంటే వంటింటి కిటికీలోంచి రోజూ నేను అరిచే మాట అది. నేను లేవడం చూసి మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. దాని వెనకే పక్కింటి మరమగ్గాల చప్పుడు వినిపించింది, అవి అప్పటిదాకా ఆడుతూనే ఉన్నాయన్న సంగతి అప్పుడే తెలిసింది, ఎవరో వెళ్లి చెప్పి ఉంటారు, కాసేపటికి అవి కూడా ఆగిపోయాయి.

ఇవాళ సందు మొదట్లో నేను నిలబడి ఉన్నాను. బడికి సెలవు పెట్టాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ వేళకు నా చేతిలో పుస్తకమో జవాబు పత్రాల కట్టో ఉంటుంది, ఇవాళ ఏమీ లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకున్నాను. నిన్న చంద్రిక వచ్చి అడిగింది. చంద్రిక మా అమ్మాయి క్లాసు పిల్ల, డిగ్రీ ఆఖరి సంవత్సరం, బస్సులో పక్క సీటు. "రేపు మా బస్సులో సీట్లు చెప్తారు మేడమ్, మీరొస్తే బాగుంటాది" అంది. సీట్లు చెప్పడమంటే ఏమిటని అడిగాను. మూడేళ్లు ఆ బస్సులో తిరిగిన పిల్లకు తల్లిని, నాకు తెలియదు. చంద్రిక తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, అంతా చెప్పింది.

ఆ కాలేజీ పుత్తూరు దాటాక మామిడి తోపుల మధ్య ఉంది. దగ్గరలో ఊరు లేదు, టీ కొట్టు లేదు, హాస్టలు లేదు. సాయంత్రం గంట కొట్టగానే బస్సులన్నీ వరసగా బయల్దేరితే వెనక వాచ్‌మనూ రెండు కుక్కలూ మిగులుతాయి. అందుకని ఆ పిల్లలకు కాలేజీ అంటే సగం బస్సే. స్నేహాలు అక్కడే, అలకలు అక్కడే, పుట్టినరోజు కేకు మొహాలకు పూసుకునేదీ, చీరలు కట్టుకునే రోజున ఒకరి కుచ్చిళ్లు ఒకరు సర్దుకునేదీ, ఎవరు ఎవరి కోసం మెడ తిప్పుతున్నారో డ్రైవరు అద్దంలో కనిపెట్టేదీ అక్కడే. ప్రతి సీటుకూ ఒక మనిషి ఉంటారు. కొత్తగా చేరినవాళ్లు నిలబడి రావాలి. చదువు ముగిసేవాళ్లు పరీక్షలకు ముందు ఒక ఉదయం తమ సీటు పక్కన నిలబడి, బస్సంతా వినేట్టు తమ పేరు చెప్పి, ఫలానావాళ్లకు ఈ సీటు చెప్తున్నానని వాళ్ల పేరు కూడా చెప్పాలి. రెండు పేర్లూ పైకి వినిపించాలి. డ్రైవరు హారన్ కొడతాడు. ఆ తర్వాత ఆ సీటులోంచి వాళ్లను ప్రిన్సిపాలు కూడా లేపలేడు. ఇదంతా కాలేజీ గేటు దాటకముందే జరగాలి, గేటు లోపల సీటు కాలేజీది, గేటుకు ఇవతల తమది, అదీ వాళ్ల లెక్క.

"ఆ సీట్లో ఎవురూ కూచోడం లేదు మేడమ్" అంది చంద్రిక. "పిలకాయలు నిలబడైనా వస్తా ఉండారు గానీ బ్యాగు కూడా పెట్టరు. ఎండలు ముదిరిపోయినాయి. డ్రైవరు మురుగేషన్న కూడా మిమ్మల్నే పిలవమన్నాడు. ఇంట్లోవాళ్లు చెప్తే చెల్లుతాదంట."

ఎవరికి చెప్పాలి అన్నాను. నాగవేణికి అంది, మొదటి సంవత్సరం పిల్ల, మగ్గాల వాళ్ల పాప, మా అమ్మాయే ఎప్పుడో అనేసింది నాగవేణికే అని. అయితే ఆ మాట నువ్వే చెప్పేయొచ్చు కదమ్మా అన్నాను. "నా సీటు నేను చెప్పుకోవల్ల మేడమ్. ఒగరు రెండు చెప్తే చెల్లదు."

రెండు పేర్లు. నాగవేణి అనే పేరు కష్టమేమీ కాదు. రెండోది మా అమ్మాయి పేరు, ఆసుపత్రిలో నర్సు అడిగినప్పుడు చెప్పాను, ఆ తర్వాత ఇప్పటివరకు నేను పలకలేదు. నేను తెలుగు పంతులమ్మను, పేర్లు పిలవడం నా పని, రోజూ మొదటి గంటలో తొమ్మిదో తరగతి హాజరు వేస్తాను, అందులో మా అమ్మాయి పేరే ఉన్న పిల్ల ఒకతె ఉంది. తిరిగి బడికి వెళ్లిన రోజు ఆ పేరు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. గొంతు పూడుకుపోలేదు, ఏడుపు రాలేదు, ఊరికే నోరు తెరుచుకోలేదు. ఆ పిల్ల "ప్రెజెంట్ మేడమ్" అని తనంతట తనే అంది. మరుసటి రోజు నుంచి నంబర్లు పిలుస్తున్నాను. పిల్లలు మొదట ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. ఇంట్లోనూ ఆ పేరు లేదు, మా ఆయన పాప అంటాడు, పాప గది, పాప చెప్పులు. నిన్న చంద్రిక వెళ్లాక ఇద్దరిలో ఎవరు వెళ్లాలా అని కూర్చున్నాం. ఆయన శ్రీసిటీలో ఫ్యాక్టరీకి వెళతాడు, ఆయన ఎక్కేది కంపెనీ బస్సు, "మా బస్సులో యాడ ఖాళీ ఉంటే ఆడ కూచుంటాం, ఎవురి సీటూ ఎవురిదీ కాదు" అన్నాడు. "నువ్వే పో. నువ్వైతే మాట్లాడగలవు" అన్నాడు. నేను మాట్లాడగలనని అందరూ అనుకుంటారు.

బస్సు వచ్చింది. హారన్ కొట్టకుండా ఆగింది. మురుగేష్ స్టీరింగు మీద నుంచి వంగి "రాండి మేడమ్, పైమెట్టు ఎత్తు, పట్టుకోండి" అన్నాడు. లోపల పాట ఏదో మోగుతూ ఉంది, నేను ఎక్కగానే ఎవరో ఆపేశారు. ఇంతమంది పిల్లలున్న గది తరగతి గదైతే నాకు భయం లేదు, అక్కడ నా కుర్చీ ఎక్కడుందో తెలుసు. ఇక్కడ ఎదురుగా ఖాళీ సీటు ఒకటి కనిపిస్తే కూర్చున్నాను. ముందు వరసల పిల్లలు మెడలు తిప్పి చూశారు. ఫుట్‌బోర్డు మీది నుంచి ఒక అబ్బాయి, పొడుగ్గా, చెవికి పోగుతో, లోపలికి వచ్చి నన్ను చూసి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, అది మునికుమార్‌ది" అని చంద్రిక నా చెవిలో అంది, "వాడు ఆడ బ్యాగు పెట్టి ఈడ ఏలాడతా ఉంటాడు. మనది అదీ." మనది అంది. ఆ అబ్బాయి "పర్లేదు మేడమ్, కూచోండి మేడమ్, నాకు నిలబడేదే ఇష్టం" అంటున్నాడు, వెనక నుంచి ఎవరో "అవునవును, గాలికి జుట్టు ఎగరల్ల కదా వానికి" అన్నారు, నవ్వారు, నవ్వి వెంటనే ఆపేశారు. నేను ఉన్నానని ఆపేశారు. లేచి వెళ్లి మా అమ్మాయి సీటులో కూర్చున్నాను.

డ్రైవరు వెనక రెండో వరస, కిటికీ వైపు. రెక్సిన్ ఒక మూల చిరిగి లోపలి పీచు కనిపిస్తోంది. కిటికీ చట్రం మీద బొట్టుబిళ్లలు అంటించి ఉన్నాయి, మెరూన్, నలుపు, ఆకుపచ్చ, సాయంత్రం మొహం కడుక్కునేటప్పుడు తీసి అంటించేదేమో, ఇంటికి వచ్చేసరికి నుదురు బోసిగా ఉంటే బొట్టేదే అని నేను అడిగేదాన్ని, పడిపోయిందమ్మా అనేది. ఎక్కడ పడిపోయేదో ఇన్నాళ్లకు చూశాను. వేలితో తాకాలనిపించింది, అందరూ చూస్తున్నారనిపించి చెయ్యి ఒళ్లోనే ఉంచుకున్నాను. ఎవరూ చూడటం లేదు. అందరూ చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నారు, అది వీపుకు తెలుస్తోంది. నగరి వీధులు వెనక్కి పోతున్నాయి, అన్ని ఇళ్లలోనూ మగ్గాల చప్పుడు, మా ఊళ్లో చెవులు దానికి ఎంత అలవాటు పడతాయంటే అది ఆగినప్పుడే ఉలిక్కిపడతాం. ఊరు దాటాక కొండ కుడివైపుకు జరిగింది. చెరుకు తోటలు. గంట ప్రయాణం, నేరుగా వెళితే అందులో సగం కూడా పట్టదు, ఈ బస్సు పల్లెపల్లెకూ దిగి పిల్లలను ఎక్కించుకుని మళ్లీ రోడ్డెక్కుతుంది. రోజూ ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట, తను నా దగ్గర లేని గంటలు, అవి ఎలా గడిచేవో నేను ఎప్పుడూ అడగలేదు, తను చెప్పేదీ కాదు, ఇంట్లో తక్కువ మాట్లాడేది, ఫోను పట్టుకుని తలుపు దగ్గరగా వేసుకుని కూర్చునేది, ఎవరితోనూ కలవదేమో ఈ పిల్ల, ఎలా బతుకుతుందో అని నేను రాత్రిళ్లు బెంగపడేదాన్ని.

వెనక నుంచి మొదలుపెట్టారు. వెనక వరసల నుంచి ముందుకు రావడం పద్ధతట. అంటే మేము చివర. మంచిది, అనుకున్నాను, ఆ వెంటనే చివర అయితే కాలేజీ గేటు దగ్గరపడుతుంది కదా అనిపించింది. లోలోపల ఒకసారి పలికి చూసుకుందామనుకున్నాను. పెదవులు కదపకుండా, మనసులో. మొదటి అక్షరం వచ్చింది. రెండోదానికి ముందర ఆసుపత్రి నడవా వచ్చింది, నడవా చివర చేతిలో కాగితం పట్టుకుని ఒకాయన ఈ పేరు గలవాళ్ల తాలూకు ఎవరు అని అడుగుతున్నాడు, నేనే అంటున్నాను. కిటికీలోంచి బయటికి చూశాను. వెనక ఒకడు నిలబడి సీటు చెబుతున్నాడు, తన పేరు, ఊరు, తండ్రి పేరు, కులదేవత పేరు కూడా కలిపి చెబుతున్నాడు, "బిన్నా చెప్పి ముగించరా, పెండ్లి పత్రిక చదవతా ఉండావా" అని కేకలు. హారన్. చప్పట్లు. ఆ సీటు దక్కినవాడు సీటు మీద రుమాలు పరిచి, తీసి, మళ్లీ పరిచి కూర్చున్నాడు. ఎంత సులువుగా చెబుతున్నారు. వాళ్ల పేరు వాళ్లకు నోట్లో నీళ్లలా ఉంది.

"అన్నా, కిటికీ నాకు చెప్పన్నా. ఏడాదంతా క్యాంటీన్ నుంచి టీ తెచ్చిచ్చినా నీకు" అని ఒక గొంతు.

"తెచ్చిచ్చినావు సామీ. సగం దోవలో నువ్వే తాగేసి ఇచ్చినావు."

"ఆవిరైపోయిందన్నా అది."

"గ్లాసు మీద నీ మూతి గుర్తు కూడా ఆవిరే లే."

నవ్వులు ఈసారి ఆగలేదు. తను కూడా ఇక్కడ ఇలా నవ్వి ఉంటుంది. తన నవ్వు ఇంట్లో ఎలా ఉండేది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, పళ్లు ఎత్తుగా ఉన్నాయని ఎవరో చిన్నప్పుడు అన్నారు, అప్పటి నుంచీ. ఇక్కడ కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేదా. చంద్రికను అడగొచ్చు. అడిగితే మాట కలుస్తుంది, మాట కలిస్తే ఆ పేరు ఎవరైనా అనవచ్చు. ఎక్కినప్పటి నుంచీ నాకు ఆ భయం కూడా ఉంది, ఎవరైనా ఉన్నట్టుండి అనేస్తారేమోనని. ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఒక పల్లె దగ్గర ఆగినప్పుడు ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు, వారిలో ఒకతె నేరుగా వచ్చి నా సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. సన్నగా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మగ్గాల ఇళ్ల పిల్లలను నేను గుర్తుపట్టగలను, రాత్రి కండెలు చుట్టి పొద్దున బడికి వస్తారు, కళ్లలో దూది నలక ఉన్నట్టు రెప్పలు కొట్టుకుంటూ ఉంటాయి. "నాగవేణి మేడమ్" అని చంద్రిక చెప్పకముందే తెలిసింది. ఆ పిల్ల నన్ను చూసి "నమస్తే మేడమ్!" అంది, అంత గట్టిగా అనేసరికి నేను అదిరిపడ్డాను, తనూ అదిరిపడి నోరు మూసుకుంది. మగ్గాల పక్కన పుట్టి పెరిగిన పిల్లలు అంతే, మామూలుగా మాట్లాడినా అరిచినట్టుంటుంది, వాళ్ల ఇళ్లలో అరిస్తేనే వినపడుతుంది. నా తరగతిలో ఇలాంటివాళ్లను ఎంతమందిని చూశానో, గొంతు తగ్గించమ్మా అని ఎన్నిసార్లు అన్నానో.

"చేరిన కొత్తలో దీన్ని అందురూ ఏడిపిస్తా ఉన్నిరి మేడమ్, మైకు మింగేసినాదని" అంది చంద్రిక. "అప్పుడు మేడమక్క ఏం చేసినాదంటే..."

మేడమక్క ఎవరు అన్నాను.

చంద్రిక మొహం పాలిపోయింది. నాగవేణి కిందికి చూసింది. మురుగేష్ అద్దంలోంచి నన్ను చూసి గేరు మార్చుకుంటూ "మీ పాపే మేడమ్" అన్నాడు. "బస్సులో ఆ పాపకి అదే పేరు. అసలు పేరు సగం మందికి తెలీదు."

మేడమక్క. ఎందుకు అని అడగాలనుకున్నాను, ఎందుకో వాళ్లు చెప్పడానికి మొహమాటపడుతున్నారు, ఈలోగా రైల్వే గేటు పడింది, బస్సు ఆగింది. ఎంతసేపైనా ఆగనీ అనుకున్నాను. ఈ లైను మీద గూడ్సులు పొడుగ్గా ఉంటాయి, ఒక్కోసారి ఒకటి వెళ్లాక గేటు తీయకుండానే ఇంకొకటి వస్తుంది, రానీ, పెట్టెలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉండనీ, ఇలా గేటు ఇవతల కూర్చుని ఉన్నంతసేపు నేను ఏమీ చెప్పనక్కర లేదు. కానీ బస్సు ఆగేసరికి వెనక గోల పెరిగింది. మునికుమార్ సీటు కోసం ఇద్దరు కుర్రాళ్లు పోట్లాడుకుంటున్నారు, అతనే మధ్యలో నిలబడి ఇద్దరినీ ఎగదోస్తున్నాడు, "కుస్తీ పడండి, గెలిచినోనికి చెప్తా", బ్యాగులు పడుతున్నాయి, ఈలలు, ఎవరో చిన్నపిల్ల కాలు తొక్కారు, ఆ పిల్ల కెవ్వుమంది, నేను లేచి నిలబడ్డాను. లేచిన సంగతి నాకు తెలియదు. తరగతిలో లేచినట్టే లేచాను.

"నిశ్శబ్దంగా ఉండలేనివాళ్లు" అన్నాను.

అంతే అన్నాను. మిగతాది బస్సంతా కలిసి అంది. "బయటికి వెళ్లి నిలబడవచ్చు, తలుపు తీసే ఉంది!" నా విరుపుతో, నేను ఆగే చోట ఆగి, 'తీసే' దగ్గర నేను సాగదీసినట్టే సాగదీసి, వెనక వరస నుంచి ముందు వరస దాకా, నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు, మురుగేష్ కూడా. నా మాట అది. ఎన్నో ఏళ్లుగా నేను తరగతిలో అంటున్న మాట, నా బళ్లోనే చదివిన మా అమ్మాయి ఒక్కతే ఈ బస్సుకు తెచ్చిపెట్టగలిగిన మాట. అన్నాక వాళ్లకే భయం వేసినట్టుంది, ఒక క్షణం నన్ను చూశారు. మునికుమార్ మెల్లగా "సారీ మేడమ్. మేడమక్క మీ మాదిరే అంటాది. రోజూ చేపిస్తా ఉన్నింది మా చేత" అన్నాడు.

చీర కుచ్చిళ్లు ఇట్లా సర్దుకునేదిట, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి పైనుంచి చూసేదిట, మొదటి సంవత్సరం పిల్లలు ఎక్కితే వరసగా నిలబెట్టి ఊరూ పేరూ అడిగేదిట, తప్పు చెబితే మళ్లీ చెప్పించేదిట. చంద్రిక చెబుతోంది, ఇప్పుడు అందరూ చెబుతున్నారు, ఒకరి మాట మీద ఒకరు. నాగవేణిని ఎవరో ఏడిపిస్తే "ఈ అమ్మాయి గొంతు మీ అందరికీ వినబడుతోంది కదా, మీలో ఒక్కరి గొంతు నాకు వినబడదు, ఈమెను చూసి నేర్చుకోండి" అని నా గొంతుతో అందట, ఆ రోజు నుంచి ప్రతి స్టాపూ నాగవేణే అరిచి చెప్పాలిట. నేను ఎన్నడూ ఆ మాట అనలేదు. గొంతు తగ్గించమ్మా అనే అన్నాను. నా గొంతులో నేను అనని మాట పెట్టింది. ఇంట్లో నాతో అన్నం పెట్టమ్మా, సరేమ్మా తప్ప మాట్లాడని పిల్ల ఇక్కడ రోజుకు రెండు గంటలు నేనై తిరిగింది. నన్ను గమనించింది. భోజనాల దగ్గర తల వంచుకుని ఫోను చూసుకుంటూనే నా విరుపులన్నీ పట్టుకుంది. ఏడవకూడదు అనుకున్నాను, ఏడిస్తే ఇక ఏ పేరూ రాదు. రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది.

పుత్తూరు బస్టాండు, విరిగిన ఎముకలకు కట్టు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు చేతులు మెడకు తగిలించుకుని అరుగుల మీద కూర్చున్నారు, వాళ్లను దాటాక ఇక స్టాపులు లేవు. మునికుమార్ తన సీటు చెప్పేశాడు. మధ్య వరసలు అయిపోయాయి. ఇప్పుడు ఆడపిల్లలు. ఒకతె చెబుతూ ఏడ్చింది, మురుగేష్ హారన్ కొట్టకుండా కాసేపు ఆగి, ఆమె కళ్లు తుడుచుకున్నాక కొట్టాడు. చంద్రిక లేచి చెప్పింది, తన పేరు, తన తర్వాతి పిల్ల పేరు, కూర్చుంది, కూర్చున్నాక గుర్తొచ్చి ఆ పిల్లకు సీటు ఇచ్చి నా పక్కన నిలబడింది. మామిడి తోపులు మొదలయ్యాయి. ఈ ఏడు కాపు పలచగా ఉంది. ఎవరూ నన్ను తొందర పెట్టలేదు. మురుగేష్ బస్సును నడక వేగానికి తెచ్చాడు.

"మేడమ్" అంది చంద్రిక చిన్నగా, "మేడమక్క సీటు అని చెప్పండి చాలు. ఆ పేరైనా చెల్లుతాది. ఏమన్నా?" అని మురుగేష్‌ను అడిగింది.

"మేడమ్ ఇష్టం" అన్నాడు మురుగేష్. "ఏ పేరుతో చెప్పినా హారన్ కొట్టేది నేనే కదా."

వాళ్లు నాకు దారి చూపిస్తున్నారు, పిల్లలు, ఎంత జాగ్రత్తగా చూపిస్తున్నారు. ఆ పేరైతే అనగలను. ఇప్పుడే పుట్టిన పేరు, అందులో నా గొంతు ఉంది, నర్సు లేదు, నడవా లేదు. కానీ అది వీళ్లు పెట్టుకున్న పేరు. నేను పెట్టింది వేరే ఉంది. వాళ్ల నాయనమ్మ ఇంటి దేవుడు మునిదేవర పేరు కలవాలని పట్టుబడితే, వద్దని, నెలల తరబడి నిఘంటువు తిరగేసి, పలికితే నోటికి హాయిగా ఉండాలని, పిలిస్తే వీధి చివరికి వినబడాలని, బియ్యంలో రాసి, పసిబిడ్డ చెవి దగ్గర మొట్టమొదట నేనే పలికిన పేరు. ఈ బస్సులో సగం మందికి తెలియని పేరు. నేను ఇక్కడ చెప్పకపోతే వీళ్లకు ఎప్పటికీ తెలియదు, ఏళ్లు గడిచి ఈ సీటు చేతులు మారుతూ పోతే మేడమక్క అని ఎవరో ఉండేదట అంటారు, అంతే. చెప్పాలి. నిలబడ్డాను. కమ్మీ పట్టుకున్నాను. నాగవేణి చెయ్యి అదే కమ్మీ మీద ఉంది. గేటు కనిపిస్తోంది, నీలం రంగు, వాచ్‌మన్ రెండు రెక్కలూ తీస్తున్నాడు. మురుగేష్ గేటుకు ఇవతలే ఆపేశాడు. వెనక వచ్చే బస్సులు ఆగాయి.

"నేను" అన్నాను. "నేను ప్రసూనాంబను."

"మేడమ్, మీ పేరు కాదు..." అని వెనక ఎవరో అన్నారు, "గమ్మునుండరా" అని ఇంకెవరో వాణ్ని ఆపారు.

"ఈ సీటు నాగవేణికి" అన్నాను. అది గట్టిగానే వచ్చింది. ఇక మధ్యలో ఉండాల్సింది ఒక్కటే. నోరు తెరిచాను. గాలి లోపలికి వెళ్లింది, బయటికి రాలేదు. మొదటి అక్షరం నాలుక మీద ఉంది, నాకు దాని రుచి తెలుస్తోంది, పెదవులు కలుపుకుంటే చాలు. బస్సంతా నా పెదవుల వైపే చూస్తోంది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. వాచ్‌మన్ చెయ్యి ఊపాడు. మురుగేష్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. ఇంకా వెనక మరో బస్సు కూడా హారన్ కొట్టింది, వాచ్‌మన్ ఏదో అరుస్తున్నాడు, అయినా మురుగేష్ కదలడం లేదు. చివరికి నేనే చేత్తో ముందుకు అని సైగ చేశాను. బస్సు కదిలింది. గేటు స్తంభం కిటికీ పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది.

పిల్లలు దిగిపోయారు. ఒక్కొక్కరూ నా దగ్గర ఆగి, వస్తాం మేడమ్ అని వెళ్లారు. నాగవేణి చివరి వరకు ఉంది. కూర్చోమన్నాను. సీటు వైపు చూసింది, తల అడ్డంగా ఊపింది.

"చెప్పకుండా కూచోకూడదు మేడమ్" అంది. గొంతు తగ్గించాలని చూసింది, తగ్గలేదు, ఖాళీ బస్సులో మాట పెద్దగా మోగింది. "పర్లేదు మేడమ్. నాకు నిలబడేది అలవాటే. పరీక్షలదాకా బస్సు వస్తానే ఉంటాది."

ఆ పిల్ల దిగి తరగతి వైపు వెళ్లింది. మురుగేష్ ఇంజను ఆపాడు. నాగవేణి పేరు చెప్పాను. మా అమ్మాయి పేరు ఇంకా చెప్పలేదు.